ఎడమచేతి వాటం – సెమీ ఆటోమేటిక్ పిస్టల్: ఒక ఇంటర్వ్యూ ప్రశ్నకు పూర్తి జవాబు

డీఏఎఫ్‌లో హాబీ దగ్గర "ఎయిర్ పిస్టల్ షూటింగ్" అని రాశాను. సర్వీసుల్లో ఐపీఎస్‌కు మొదటి ప్రాధాన్యం ఇచ్చాను. మాక్ ఇంటర్వ్యూలో కాగితం మీద ఎడమ చేత్తో ఏదో రాసుకుంటుంటే బోర్డు సభ్యుడు ఒకరు చూశారు. వెంటనే అడిగారు: "మీలాంటి ఎడమచేతి వాటం వారు సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఎంచుకోవాలంటే ఏమేం చూడాలి?"

అక్కడ ఒకటిన్నర నిమిషంలో చెప్పిన జవాబును ఇక్కడ విడమరిచి రాస్తున్నాను. ఐపీఎస్‌కో, గ్రూప్-1లో డీఎస్పీ పోస్టుకో చదువుతున్న ఎడమచేతి వాటం మిత్రులకు ఇది నేరుగా ఉపయోగపడుతుంది. మిగతావారికి సమానత్వం మీద, పరిపాలన మీద వ్యాసం రాసేటప్పుడు ఒక కొత్త ఉదాహరణ దొరుకుతుంది.

నాకు మాత్రం ఇది ఉదాహరణ ఒక్కటే కాదు. మాది తెలంగాణ నుంచి సూరత్‌కు వలస వచ్చిన నేత కుటుంబం. లింబాయత్, ఉధ్నా వైపు తిరిగితే మాలాంటి తెలుగు కుటుంబాలు చాలా కనిపిస్తాయి. ఇంజినీరింగ్ అయ్యాక సివిల్స్ అంటే ఇంట్లో ఒప్పుకున్నారు గానీ, పోలీసు సర్వీసు అనేసరికి పెద్దనాన్న అన్న మాట ఇదీ: "పుర్రచెయ్యితోని తుపాకి ఎట్ల పడతవురా? బ్యాంకు పరీక్షలు రాసుకో." ఎడమచేతి వాటం ఉన్నంత మాత్రాన సివిల్ సర్వీసెస్ వైద్య పరీక్షలో అనర్హత ఏమీ లేదు. ఆ సంగతి చెప్పాను. కానీ "ఎట్ల పడతవు" అన్న ప్రశ్నకు కూడా జవాబు కావాలి కదా!

ముందు యంత్రం సంగతి

సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక గుండు మాత్రమే పేలుతుంది. పేలిన వేగానికి పైనున్న స్లైడ్ వెనక్కి వెళ్లి ఖాళీ తూటాను బయటకు విసిరేస్తుంది. స్ప్రింగ్ బలంతో తిరిగి ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి తర్వాతి తూటాను ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంది. ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపూ పేలుతూనే ఉంటే అది పూర్తి ఆటోమేటిక్. ప్రిలిమ్స్‌లో కూడా ఈ తేడా పనికొస్తుంది.

పిస్టల్ మీద చేత్తో వాడే మీటలు ముఖ్యంగా మూడు: సేఫ్టీ, మ్యాగజైన్‌ను విడిపించే బటన్, స్లైడ్‌ను ఆపే మీట. పాత డిజైన్లలో చాలావరకు ఈ మూడూ పిస్టల్ ఎడమ పక్కనే ఉంటాయి. కుడి చేత్తో పట్టుకుంటే బొటనవేలు సరిగ్గా అక్కడికి వస్తుంది. ఎడమ చేత్తో పట్టుకుంటే బొటనవేలు కుడి పక్కన ఉంటుంది, మీటలు అవతలి పక్కన ఉంటాయి.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ పిస్టల్ ఆటో 9ఎంఎం 1ఏ. ఇది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే ఆయుధం, మ్యాగజైన్‌లో 13 తూటాలు పడతాయి. దీని మూలం 1935 నాటి బ్రౌనింగ్ హై-పవర్. జాన్ బ్రౌనింగ్ 1926లో చనిపోయాక బెల్జియంలో డ్యూడొనే సైవ్ ఆ డిజైన్‌ను పూర్తి చేశాడు. దాని సేఫ్టీ మీట ఎడమ పక్కనే ఉంటుంది. అంటే దాదాపు తొంభై ఏళ్ల క్రితం కుడి బొటనవేలిని ఊహించుకుని గీసిన గీత ఇంకా మన చేతుల్లో ఉంది.

పిస్టల్ కంటే ముందు కన్ను

రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ల మధ్య చిన్న త్రికోణం చేసి, అందులోంచి దూరంగా ఉన్న ఒక వస్తువును రెండు కళ్లతో చూడండి. ఇప్పుడు ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు త్రికోణంలోనే నిలుస్తుందో అది మీ ప్రధాన కన్ను. ఎడమచేతి వాటం వారందరికీ ఎడమ కన్నే ప్రధానం అనుకోకండి. నాకు చెయ్యి ఎడమ, కన్ను కుడి. పిస్టల్‌ను చెయ్యి చాచి పట్టుకుంటాం కాబట్టి తల, నిలబడే తీరు కొంచెం సర్దుకుంటే సరిపోతుంది. చెంపకు ఆనించి గురిపెట్టే రైఫిల్‌తో ఇదే ఇబ్బంది ఎక్కువ.

ఎంపికలో చూడాల్సినవి (ముఖ్యమైన క్రమంలో)

1. సేఫ్టీ: బొటనవేలితో తిప్పే సేఫ్టీ ఉంటే అది రెండు పక్కలా ఉండాలి. లేదా అసలు అలాంటి మీటే లేని డిజైన్ తీసుకోవాలి. మామూలు గ్లాక్ పిస్టళ్లలో బయట మీట ఉండదు, సేఫ్టీ ట్రిగ్గర్‌లోనూ లోపలి భాగాల్లోనూ ఉంటుంది. రాజీ పడకూడని అంశం ఇదొక్కటే.

2. మ్యాగజైన్ బటన్: కొన్నింటిలో దీన్ని విప్పి అవతలి పక్కకు మార్చుకోవచ్చు. గ్లాక్‌లో ఈ సౌకర్యం 2010లో వచ్చిన నాలుగో తరంతో మొదలైంది. మార్చుకునే వీలు లేకపోయినా ఎడమ చూపుడువేలితో నొక్కవచ్చు. ఇందులో ఒక లాభం కూడా ఉంది: మ్యాగజైన్ మార్చేటప్పుడు ఆ వేలు ట్రిగ్గర్ మీద ఉండే వీలే లేదు.

3. స్లైడ్ ఆపే మీట: రెండు పక్కలా ఉంటే మంచిదే. గ్లాక్‌లో 2017 నాటి ఐదో తరంలో అలా వచ్చింది. లేకపోతే కుడి చేత్తో స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే అదే పని జరుగుతుంది.

4. పిడి: రెండు పక్కలా ఒకేలా ఉండాలి. పోటీల్లో వాడే పిస్టళ్లకు అరచేతి ఆకారంలో చెక్కిన పిడి ఉంటుంది. కుడిచేతి పిడి ఎడమ చేతిలో అసలు ఇమడదు. నేను వెళ్లే క్లబ్బులో ఉన్నవన్నీ కుడిచేతివే కావడంతో, ఎడమచేతి పిడి వేరుగా తెప్పించుకునేదాకా ఆగాల్సి వచ్చింది.

5. ఖాళీ తూటాలు: అవి కుడి పక్కకు ఎగురుతాయి. చెయ్యి చాచి కాలుస్తాం కాబట్టి పిస్టల్‌తో పెద్ద ఇబ్బంది లేదు. కళ్లద్దాలు మాత్రం ఎవరికైనా తప్పనిసరి.

6. హోల్‌స్టర్: చాలామంది మరిచిపోయేది ఇదే. ఎడమ నడుముకు తగ్గ హోల్‌స్టర్ లేకపోతే పైన చెప్పినవన్నీ ఉన్నా ఆయుధం సమయానికి చేతికి రాదు.

మన దేశంలో నిజంగా ఎంచుకునేది ఎవరు?

ఇక్కడినుంచి జవాబు పరిపాలన వైపు తిరుగుతుంది. సాధారణ పౌరుడికి ఎంపిక చాలా తక్కువ. ఆయుధాల చట్టం, 1959 సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు. 9ఎంఎం నిషిద్ధ బోరు కిందికి వస్తుంది. కాబట్టి మామూలు లైసెన్సుదారు .32 లాంటి బోర్లతో సరిపెట్టుకోవాలి. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఆయుధాల మీద ఇంత గట్టి అదుపు ఉండటం సబబే అని నా అభిప్రాయం.

పోలీసు అధికారికైతే ఎంపిక ఇంకా తక్కువ. ఆయన చేతికి వచ్చేది శాఖ కొన్న పిస్టలే. మరి ఎంచుకున్నది ఎవరు? కొనుగోలు ఫైలులో సాంకేతిక వివరాలు రాసినవారు.

దీన్ని నాకు బాగా అర్థం చేయించింది సూరత్ సాంచెలు. మన నేతవారు పవర్‌లూమ్‌ను సాంచె అంటారు. గుజరాతీలోనూ దాదాపు ఇదే మాట. సాంచెల్లో కుడి సాంచె, ఎడమ సాంచె అని రెండు రకాలు ఉంటాయి. నడిపే హ్యాండిల్ ఒకదానికి కుడి చివర, ఇంకోదానికి ఎడమ చివర ఉంటుంది. అలాంటి రెండింటిని పక్కపక్కన పెడితే రెండు హ్యాండిళ్లూ దగ్గరికి వస్తాయి, కార్మికుడు నడిచే దూరం తగ్గుతుంది. ఇది ఎడమచేతి వాటం వారిమీద దయతో చేసింది కాదు, పని సాగడానికి చేసింది. అయితే ఒక సంగతి తేలిపోయింది: కొనేవాడు అడిగితే ఏ యంత్రానికైనా అద్దంలో బొమ్మలాంటి జోడీ తయారవుతుంది.

పిస్టల్ విషయంలోనూ జరిగింది అదే. 2017లో అమెరికా సైన్యం ఎంచుకున్న ఎం17 పిస్టల్‌కు సేఫ్టీ రెండు పక్కలా ఉంటుంది. రెండు చేతులకూ అనువుగా ఉండాలని సైన్యం ముందే షరతు పెట్టింది, కంపెనీలు చేసి ఇచ్చాయి. ప్రపంచంలో సుమారు పది శాతం మందిది ఎడమచేతి వాటం. వందమంది సిబ్బంది ఉన్న చోట పదిమంది అన్నమాట. టెండర్‌లో ఒక్క వాక్యం రాస్తే ఆ పదిమందికి పని సులువవుతుంది, మిగతా తొంభైమందికి నష్టమేమీ లేదు. పైగా కుడి చేతికి గాయమైనప్పుడు వాళ్లూ ఎడమ చేత్తోనే కాల్చాలి.

కారొలీ టకాచ్ కథ

ఈ హంగేరీ సైనికుడు కుడిచేతి షూటర్. 1938లో గ్రెనేడ్ పేలి ఆ చెయ్యి పనికిరాకుండా పోయింది. ఎడమ చేత్తో మళ్లీ మొదటినుంచి నేర్చుకుని 1948 లండన్, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో స్వర్ణాలు గెలిచాడు. ఎథిక్స్ పేపర్‌లో పట్టుదలకు ఉదాహరణగా రాయండి, బాగుంటుంది. కానీ "టకాచ్ చేయగా లేనిది మీరు సర్దుకోలేరా?" అని ఏ అధికారీ ఫైలు మీద రాయకూడదు. సర్దుకోవడం వ్యక్తి గొప్పతనం. సర్దుకోవాల్సిన అవసరాన్ని తగ్గించడం వ్యవస్థ బాధ్యత.

మా కోచింగ్ క్లాసులో రాత పలక ఉన్న కుర్చీలన్నీ కుడిచేతివే. నడుం తిప్పుకుని మూడు గంటల టెస్టు రాస్తే భుజం పట్టేస్తుంది. అడిగాను, ఒక బల్ల వేశారు. ఆ బల్ల కోసం ఇంకో ఇద్దరు వచ్చారు. అప్పటిదాకా వాళ్లూ నాలాగే మౌనంగా రాస్తున్నారన్నమాట.

పరీక్షకు పనికొచ్చేవి

- ఆయుధాలు, తుపాకులు, మందుగుండు: కేంద్ర జాబితా, అంశం 5. శాంతిభద్రతలు, పోలీసు: రాష్ట్ర జాబితా, అంశాలు 1, 2.
- ఆర్టికల్ 14: ఒకేలా లేనివారిని ఒకేలా చూడటం కూడా అసమానతే అవుతుంది.
- సార్వత్రిక డిజైన్: దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో నిర్వచించారు. ఎడమచేతి వాటం వైకల్యం కాదు. అయినా ఆ ఆలోచన ఇక్కడా వర్తిస్తుంది.
- సర్దార్ పటేల్ పేరున్న జాతీయ పోలీసు అకాడమీ 1948లో మౌంట్ ఆబూలో మొదలైంది, 1975లో హైదరాబాద్‌కు మారింది.

పెద్దనాన్నకు ఇప్పుడు నా జవాబు సిద్ధంగా ఉంది: "పిస్టల్ ఎడమ చేత్తోనే పడతా పెద్దనాన్నా. మీటలు అందకపోతే ఎట్ల అందుకోవాల్నో నేర్చుకుంటా. కొనే ఫైలు నా ముందరికి వస్తే రెండు చేతులకు పనికొచ్చేదే రాస్తా." మీలో ఎడమచేతి వాటం వారు ఇంటర్వ్యూకు ముందు ఇలాంటి జవాబు ఒకటి మీ మాటల్లో రాసి పెట్టుకోండి.

ఈ వారం సాధన ప్రశ్న: "అందరికీ ఒకే సాధనం ఇవ్వడం సమానత్వం అనిపించుకుంటుందా? ప్రభుత్వ కొనుగోళ్ల నుంచి ఉదాహరణలతో చర్చించండి." (250 పదాలు, 15 మార్కులు). పెన్ను ఏ చేత్తో పట్టినా సరే, టైమర్ పెట్టుకుని రాయండి.