కొంకణ తీరం నుంచి అక్కకి

హర్ణై, రాత్రి

అక్కా,

ఫోన్లో మాట్లాడితే అమ్మకి సగం వినిపించదు. మిగతా సగం నువ్వు అందించేలోగా ఇక్కడ సిగ్నల్ పోతోంది. అందుకని ఉత్తరమే నయం. అమ్మని కూర్చోబెట్టి నిదానంగా చదివి వినిపించు. బావగారి ప్రస్తావన వచ్చినచోట మాత్రం మనసులో చదువుకో.

పొద్దున్న మురుద్‌లో జంజీరా కోట చూశాం. నీళ్ళ మధ్య పెద్ద కోట, మరాఠాలు ఎంత పట్టుబట్టినా సిద్దీలు వదల్లేదట. అక్కణ్ణుంచి దారంతా ఏటి మొగలే. ప్రతి మొగ దగ్గరా రోడ్డు ఆగిపోతుంది. కారుతో సహా పంటు ఎక్కి అవతలి ఒడ్డున దిగాలి. ఆ కాసేపట్లోనే బస్సులో వాళ్ళతో, స్కూటర్ల వాళ్ళతో, కోళ్ళ బుట్టలతో స్నేహం అయిపోతుంది.

సాయంత్రం హర్ణై చేపల రేవు చూశాను. చూడ్డం కాదు, అక్కడే ఉండిపోయాను. పడవలు ఒడ్డుదాకా రావు, దూరంగా లంగరేసుకుని ఉంటాయి. చేపలు తేవడానికి ఎడ్లబళ్ళు సముద్రంలోకి దిగుతున్నాయి! ఎద్దుల పొట్టలదాకా నీళ్ళు. అల వచ్చినప్పుడల్లా తలలు పైకెత్తి ఆగుతాయి, అల వెళ్ళగానే మళ్ళీ అడుగేస్తాయి. బండి ఒడ్డుకి రాగానే ఆడవాళ్ళు చుట్టుముట్టేస్తారు. ఇసకలో కుప్పలు పోసి పాట పెడతారు. నేను నిలబడ్డచోట కోనాం, చందువాలు, చెయ్యంత రొయ్యలు. నాసిరకాన్ని పై వరస కింద దాచినవాణ్ణి ఒకావిడ కొంగు బిగించి ఎంత తిట్టిందనుకున్నావు! మరాఠీ రాని నాకు కూడా అన్నీ అర్థమయ్యాయి. మన భీమిలి రేవులో నిలబడ్డట్టే అనిపించింది.

కానీ ఎక్కడో తేడాగా ఉంది అక్కా. సముద్రానికి ఎదురుగా నిలబడితే మనకి ఉత్తరం ఎడమ చేతికి ఉంటుంది, ఇక్కడ కుడి చేతికి. సూర్యుడు లేచే నీళ్ళ పక్కన పుట్టి పెరిగాం కదా, దిగే నీళ్ళ పక్కన దిక్కులు తెలియడంలేదు. వేట ఆపే రోజులు కూడా వేరు. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలు కదలవు. వీళ్ళకి జూన్ 1 నుంచి జూలై 31 దాకా.

సువర్ణదుర్గం కోట కూడా ఇక్కడే, ఎదురుగా నీళ్ళలో. వెళ్దామంటే చీకటి పడిపోయింది.

నలుగురు ఆడవాళ్ళం రెండో రోజుకే కొట్టుకుని వెనక్కొస్తామని పందెం కాశారు బావగారు. ఇంకా కలిసే తింటున్నామని చెప్పు. పందెం చీర మంగళగిరిదైతే చాలు.

గుహాగర్, మధ్యాహ్నం

అక్కా,

నిన్న దాభోళ్ రేవు దగ్గర డ్రైవరుతో గొడవైంది. పూనాలో కారు మాట్లాడుకున్నప్పుడే కిలోమీటరుకింత, రోజుకి కనీసం 300 కిలోమీటర్లు, రాత్రి బత్తా వేరు అని రాసుకున్నాం. వాశిష్ఠి నది మొగని పంటు మీద దాటితే పది నిమిషాల పని. దాటకపోతే చిప్లూణ్ మీదుగా బోలెడు చుట్టు. పంటు టికెట్ మేమే కొన్నాం. అయినా అతను అక్కడ ఆగిన గంటకి వెయిటింగ్ కావాలన్నాడు. మా నలుగురిలో బ్యాంకు పిల్ల ఊరుకుంటుందా! తిరగని దూరానికి కూడా 300 లెక్కన ఇస్తున్నాంగా, మళ్ళీ వెయిటింగ్ ఎందుకని కాగితం తీసి వాళ్ళ ఓనరుకే ఫోన్ చేసింది. హిందీలో ఆవిడ, మరాఠీలో అతను, మధ్యలో పంటు వాడు కారు ఎక్కించండని ఈల. చివరికి వెయిటింగ్ మాట పోయింది. బ్యాంకు పిల్లదే న్యాయం. కాకపోతే అతని కష్టం కూడా నాకు తెలిసింది. కిలోమీటర్ల డబ్బంతా బండి ఓనరుకే పోతుంది, బత్తా తప్ప అతని చేతికి ఏమీ రాదు. రాత్రి భోజనానికి మా బల్ల దగ్గరే కూర్చోమన్నాం. కూర్చున్నాడు, మాట్లాడలేదు.

ఇప్పుడు నేను రాస్తున్నది మేం అద్దెకి దిగిన ముసలమ్మగారి వీధి అరుగు మీద కూర్చుని. అందరూ ఆజీ అంటారు, మేమూ అదే పిలుపు. ఎర్రరాతి గోడలు, పెంకుటిల్లు, వెనకాల పోకచెట్లూ కొబ్బరిచెట్లూ, మధ్యలో బావి. మాతో వచ్చిన నర్సమ్మ సోలాపూర్ పద్మశాలీల ఆడపడుచు, మరాఠీ నీళ్ళు తాగినట్టు మాట్లాడుతుంది. ఆమె లేకపోతే ఈ ఇంటి కథ నాకు తెలిసేది కాదు.

ముందు భోజనం చెప్పాలి. అన్నం, పప్పు, అరటిపువ్వు కూర, పనస అప్పడం, ఆవిరి మీద ఉడికించిన కొబ్బరి మోదకాలు. మోదకాన్ని విప్పి నెయ్యి పొయ్యాలట, ఆజీ పక్కన కూర్చుని మరీ పోసింది. చివర్లో సోల్‌కఢీ. కోకం తొక్కలు నానబెట్టి పిసికి, ఆ ఎర్రటి నీళ్ళలో చిక్కటి కొబ్బరిపాలు, నలిపిన వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పు, పైన కొత్తిమీర. పొయ్యి ఎక్కించేది లేదు. లేత గులాబీ రంగు, పులుపు గొంతులో చల్లగా దిగుతుంది. చింతపండు లేని పులుపు పులుపే కాదంటుంది అమ్మ. ఇది తాగించి చూడాలి. కోకం తొక్క అరకిలో కొన్నాను.

ఇక ఇల్లు. ఎనిమిది గదుల్లో ఆరింటికి తాళాలు. కొడుకులు డోంబివలీలో, మనవలు ఇంకా దూరం. వినాయక చవితికి అందరూ దిగారట, ఇల్లు పట్టలేదట, గౌరమ్మతో పాటు గణపతిని సాగనంపి బస్సులెక్కేశారు. ఈ వీధంతా అంతే. ముంబై నుంచి ప్రత్యేక రైళ్ళు వేసేంత జనం వస్తారు, వెళ్తారు.

తలుపు వెనక మేకుకి తాళాల గుత్తి ఒకటి వేలాడుతోంది. ఒక్కో తాళంచెవికి ఒక్కో రంగు గుడ్డపీలిక. పచ్చది ఎదురింటిది, నీలంది పక్కింటిది, పాత చీర అంచు ముక్క కట్టింది ఎవరిదో చివరింటిది. అవన్నీ వెళ్ళిపోయినవాళ్ళు ఆజీ చేతిలో పెట్టినవి. రోజూ సాయంత్రం తలుపులు తీసి, ఊడ్చి, తులసికోట దగ్గర దీపం పెట్టి, మళ్ళీ తాళం వేసొస్తుంది. నిన్న నేనూ వెంట వెళ్ళాను. ఒక ఇంట్లో చెదలు కనిపిస్తే అక్కడే కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. పొగ తగలని ఇంటిని చెదలూ కోతులూ పంచుకుంటాయంటుంది. ప్రతి వేసవిలో పెంకులు సర్దించకపోతే జూన్ వానకి దూలాలు తడిసిపోతాయట. మన ఇంటికి పెంకు సర్దించి ఎన్నేళ్ళయింది అక్కా?

అమ్మ మోకాలికి నూనె రాస్తున్నావా? బుజ్జిదాని మార్కులు వచ్చాయా?

రత్నగిరి, వాన

అక్కా,

ఒళ్ళు వెచ్చబడింది. వెళ్ళిపోయే వాన మధ్యాహ్నాలు ఉరిమి ఉరిమి కురుస్తోంది, గుహాగర్ ఒడ్డున తడిశాను. నర్సమ్మ మాత్ర వేసి దుప్పటి కప్పింది. ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది, నీ చారు గుర్తొచ్చి ఇంకా ఏడుపొచ్చింది. గణపతిపులే గుడికి కూడా దిగలేదు, కారులోంచే దణ్ణం.

సాయంత్రానికి లేచి థీబా ప్యాలెస్‌కి మాత్రం వెళ్ళాను. బర్మా ఆఖరి రాజు థీబాని 1885లో ఇంగ్లీషువాళ్ళు మాండలేలో పట్టుకుని దేశం దాటించారు. మరుసటేడు రత్నగిరి తెచ్చి పెట్టారు. ఈ మేడ కట్టి ఇచ్చేసరికి 1910 అయింది. 1916లో ఇక్కడే పోయాడు. ఊరు మళ్ళీ చూడలేదు. తడిసిన మెట్ల మీద కూర్చుంటే మన తాతయ్యే కళ్ళముందు మెదిలాడు. అటునుంచి రాజుని ఇటు తెచ్చారు, మన తీరం నుంచి కూలీల్నీ గుమస్తాల్నీ అటు తీసుకెళ్ళారు. తాతయ్య రంగూన్ నుంచి పంపిన డబ్బుతో భీమిలి ఇల్లు లేచింది. వీధి తలుపుకి టేకు కూడా అక్కడినుంచే ఓడలో వేయించాడు. 1942లో జపాను బాంబులు పడ్డాక అడవుల వెంట నడిచి వచ్చి ఆ తలుపే తట్టాడని అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. లోపల ఆవిడ ఉంది కాబట్టి తలుపు తెరుచుకుంది.

మాల్వణ్, మధ్యాహ్నం

అక్కా,

జ్వరం తగ్గింది. నిన్న దేవగఢ్ మీదుగా వచ్చాం, ఎర్రరాతి మైదానాల నిండా పసుపుపచ్చ పూలు. రాత్రి బంగడాల కూర తిన్నాను. మన కానాగంతలే, కొబ్బరీ కోకమూ వేసి వండారు. నోటికి రుచి తిరిగొచ్చింది.

సింధుదుర్గం కోటకి పడవలో వెళ్ళాం. 1664లో శివాజీ మొదలుపెట్టించాడు. చుట్టూ ఉప్పునీళ్ళు, లోపల మంచినీళ్ళ బావులు. ఇంకా కొన్ని కుటుంబాలు లోపల కాపురం ఉంటున్నాయి. ఒకావిడ బావిలో నీళ్ళు తోడి మాకూ పోసింది, తియ్యగా ఉన్నాయి. వాళ్ళు తోడుతున్నారు కాబట్టే అవి తాగే నీళ్ళుగా ఉన్నాయి.

నేను బయల్దేరేముందు బావగారు జవాబు అడిగారు కదా. ఇదే జవాబు. ఇప్పుడిది ఆయనకే పైకి చదివి వినిపించు. భీమిలి ఇల్లు బిల్డరుకి ఇవ్వడం నాకు సమ్మతం కాదు. రెండు ఫ్లాట్లూ కొంత రొక్కమూ వస్తాయన్న ఆయన లెక్క తప్పని అనను, ఇల్లు ఖాళీగా పడుందన్నదీ నిజమే. ఖాళీగా ఉండటం ఆపుదాం. పెంకు నేయించడానికీ దూలాలు మార్పించడానికీ అయ్యే ఖర్చు నాది. సంక్రాంతి నుంచి నేను సెలవు పెట్టి అక్కడే ఉంటాను. అమ్మ నా దగ్గర ఉంటుంది, నీకూ కాస్త విశ్రాంతి. ఒకటి రెండు గదులు ఆజీలాగే వచ్చిపోయేవాళ్ళకి అద్దెకిద్దాం, కరెంటు బిల్లూ సున్నం ఖర్చూ వాటిలోనే వెళ్ళిపోతాయి.

అప్పటిదాకా అమ్మ చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించొద్దు. దీపావళికి ముందే వస్తాను, అందరం భీమిలిలోనే కూర్చుని మాట్లాడుకుందాం. రేపే మేస్త్రీని పంపించి పెంకులు ఎన్ని కావాలో లెక్క వేయించు.

నీ చెల్లి