పేర్ల పట్టిక

నేను ఉద్యోగమునకై హైదరాబాదు చేరినది 2004వ సంవత్సరమున. చేరిన మొదటి వారముననే నా చేతికొక పాత ప్రోగ్రామును అప్పగించిరి. అది వృద్ధులకు నెలనెలా ముట్టవలసిన పింఛను సొమ్మును లెక్కకట్టు ప్రోగ్రాము. సీ భాషలో వ్రాయబడినది. ఎందరో వ్రాసి, ఎందరో దిద్ది, ఎవరి దారిని వారు వెడలిపోగా మిగిలినవి నాలుగువందల ఫైళ్లు, అరువదివేల పంక్తులు. అందు ఒక్కొక్క పనిని చేయు పంక్తుల సముదాయమునకు ఫంక్షను అని పేరు. ఒక ఫైలులోని ఫంక్షను మరియొక ఫైలులోని దానిని పేరుపెట్టి పిలుచును. అది వేరొక దానిని పిలుచును. ఆ పిలుపుల వెంట తిరిగి తిరిగి, బయలుదేరిన చోటు ఏదో మరచిపోవుచుండెడివాడను.

మా తండ్రిగారు మా గ్రామమందలి గ్రంథాలయమును చూచుకొనుచుండెడివారు. పుస్తకముల పేర్లను అకారాది క్రమమున పెద్ద చిట్టాలోనికి ఎక్కించుట చిన్ననాట నేను వారికి చేసిన సాయము. ఆ అలవాటు చొప్పున ఒక నోటుపుస్తకము కొని, ప్రతి ఫంక్షను పేరును, అది యున్న ఫైలును, పంక్తి సంఖ్యను వ్రాసికొన సాగితిని. పది దినములు అట్లు శ్రమించితిని. పదునొకండవ దినమున ఎవరో ఒక ఫైలు మొదట మూడు పంక్తులు చేర్చిరి. అంతటితో ఆ ఫైలునకు నేను వ్రాసికొన్న సంఖ్యలన్నియు తప్పిపోయినవి!

నా ప్రక్క బల్లయొద్ద కూర్చుండు పెద్దాయన అది చూచి నవ్విరి. “ఈ చాకిరీకి యంత్రముండగా నీకేల నాయనా?” అని నా కీబోర్డును తమవైపు లాగికొని, సీట్యాగ్స్ అను ఆజ్ఞను ఇచ్చిరి. నా పది దినముల పని కొద్ది క్షణములలో ముగిసినది. నాకు సంతోషము కంటె సిగ్గే యెక్కువ కలిగినది.

ఆ సాధనమును మొదట వ్రాసినవాడు కెన్ ఆర్నాల్డు. అది బర్క్‌లీ యూనిక్స్‌తోపాటు లోకమునకు వచ్చినది. 1976లో బిల్ జాయ్ వ్రాసిన వీఐ అను ఎడిటరు ఆ పట్టికను చదువగలిగెను. మేము వాడినది వీఐ బాటలో నడచి, 1991లో బ్రామ్ మూలెనార్ వెలువరించిన విమ్. పేరు మీద కర్సరు నుంచి ఒక మీట నొక్కినచో ఆ ఫంక్షను పుట్టినచోటికి పోవుదుము. మరియొకటి నొక్కినచో బయలుదేరిన చోటికే తిరిగివత్తుము.

“పంక్తి సంఖ్యలు మారినచో దీనికిని నా గతియే పట్టదా అండీ?” అని అడిగితిని.

“మీ యూరిలో ఇల్లు అడిగినవానికి ఏడవ ఇల్లని చెప్పుదురా, వాకిట వేపచెట్టున్న ఇల్లని చెప్పుదురా? నడుమ రెండిండ్లు క్రొత్తగా లేచినను వేపచెట్టు కనబడును గదా!”

నిజమే. ఆ పట్టికలో పేరునకు ఎదురుగా ఫైలు పేరును, ఆ పంక్తిలోని అక్షరములును ఉన్నవి. ఎడిటరు ఆ అక్షరములను వెదకికొని పోవును. చెట్టునే కొట్టివేసినచో, అనగా ఆ పంక్తినే మార్చినచో, పట్టికను మరల కట్టుకొనవలసినదే. పేర్లు అక్షరక్రమమున ఉండుటచేత వెదకుట కూడ సులభము. నడిమి పేరును చూచి, మనకు వలసినది ముందుసగములో నున్నదో వెనుకసగములో నున్నదో తేల్చుకొని, ఆ సగమును మరల సగము చేయుచు పోవలెను. లక్ష పేర్లున్నను 17 మారులు సగము చేయుసరికి పేరు దొరకును. మీ నిఘంటువుతో ఒకమారు ప్రయత్నించి చూడుడు.

ఎడిటరు ఇంకొక ఉపకారము కూడ చేయును. పేరులో నాలుగక్షరములు కొట్టి, కంట్రోలు మీటతో ఎన్ నొక్కినచో, తెరచియున్న ఫైళ్లను, పట్టికను గాలించి తక్కిన యక్షరములను తానే పూరించును. మరల నొక్కినచో అట్లే మొదలగు రెండవ పేరును చూపును. ఈ సౌకర్యము మరిగిన తరువాత నేను ఏ పేరును పూర్తిగా వ్రాయుట మానితిని, చదువుటయు మానితిని.

ఆ ప్రోగ్రాములో ‘పెన్షన్_నెట్’ అని యొక ఫంక్షను, ‘పెన్షన్_నెట్_ఏరియర్స్’ అని మరియొకటి ఉండెడివి. మొదటిది ఈ నెల సొమ్మును మాత్రమే లెక్కించును. రెండవది పాత బకాయిని కలిపి లెక్కించును. నాకు వలసినది రెండవది. ఎడిటరు మొదటిదానిని పూరించెను. నేను మరల నొక్కలేదు. రెండు పేర్లును నిజముగా ఉన్నవే గనుక కంపైలరు నోరు మెదపలేదు.

కొన్ని వారములకు ఒక ఉత్తరపు నకలు మా బల్లమీదికి వచ్చినది. వ్రాయించినది ఒక ముసలమ్మ. “ఈ నెల డబ్బు అందినది. మూడు నెలల బకాయి మాత్రము రాలేదు. మందుల అంగడిలో అప్పున్నది” అని అందుండెను. చదివినంతనే తప్పు ఎవరిదో నాకు తోచినది. పెద్దాయనతో చెప్పుటకు మధ్యాహ్నము దాక ధైర్యము చాలలేదు.

ఆయన కోపించలేదు. “ఆ పేరును ఎవరెవరు పిలుచుచున్నారో ముందు తెలిసికొందము” అనిరి. సీట్యాగ్స్ పట్టిక పేరు పుట్టినచోటు చెప్పునే గాని, పిలిచినవారిని చెప్పదు. దానికి సీస్కోపు కావలెను. బెల్ ల్యాబ్స్‌లో జో స్టెఫెన్ వ్రాసిన సాధనమది. 2000లో అందరికి ఉచితముగా లభ్యమైనది. అది ఐదు చోట్లు చూపెను. నాలుగు సరియైనవి. ఐదవది నాది. దిద్దితిమి, బకాయి మరుసటి నెలలో వెళ్లినది. ఆ నెల దినములు ఆమె ఎట్లు గడపినదో!

ఇప్పటి ఎడిటర్లు ఇంకను తెలివిగలవి. 2016లో మైక్రోసాఫ్టు ప్రకటించిన ఏర్పాటు ననుసరించి, ప్రోగ్రామును వ్యాకరణయుక్తముగా చదువు సర్వరు వేరుగా నుండి, ఆ చోటికి పొసగు పేర్లనే ఎడిటరునకు అందించును. అది ఆనాడుండినచో నన్ను ఆపియుండెడిదా? లేదనుకొందును. నా రెండు ఫంక్షనులును తీసికొనునది ఒకే సంఖ్య, ఇచ్చునది ఒకే విధమగు సంఖ్య. వ్యాకరణమునకు రెండును ఒక్కటియే, ముసలమ్మకు కావు.

ఆ నోటుపుస్తకము నేటికిని నా బల్ల సొరుగులో నున్నది. ఉత్తరపు నకలును అందులో ‘ప’ అక్షరపు పుటలో ఉంచితిని.