గడప దాటని జబ్బు

గడ్చిరోలీ నుంచి ధానోరా వెళ్లే దారిలో, చాట్‌గావ్ దగ్గర ఉంది శోధ్‌గ్రామ్. మన ఆసిఫాబాద్ వైపు గోండు గూడేలు తిరిగినవాళ్లకు ఆ ఆవరణ కొత్తగా అనిపించదు. వార్డులన్నీ గుడిసెల వరసలా ఉన్నాయి. రోగి వెంట వచ్చినవాళ్లు అక్కడే ఉండిపోవచ్చు, వేళలు చూపించి బయటికి పొమ్మనేవాళ్లు లేరు. దంతేశ్వరి అమ్మవారి గుడి కూడా ఆవరణలోనే ఉంది. ఆసుపత్రి పేరూ ఆమెదే, మా దంతేశ్వరి దవాఖానా.

నన్ను తిప్పి చూపించిన కార్యకర్తది సిరొంచ ప్రాంతం. తెలుగు బాగా వచ్చు. "ముందుగాల అమ్మవారికి దండం పెట్టుకోండి సార్. ఇక్కడికొచ్చే పేషెంట్లందరు అట్లనే లోపలికి పోతరు" అంది.

ఇలా కట్టమన్నది ఆదివాసులే. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు నాగ్‌పూర్‌లో వైద్యం, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి, 1986లో గడ్చిరోలీలో సెర్చ్ అనే ఆరోగ్య సంస్థను మొదలుపెట్టారు. శోధ్‌గ్రామ్ దాని ఆవరణే. ఆసుపత్రికి ఎందుకు రారని గూడేల్లో అడిగితే జనం సూటిగానే చెప్పారట. తెల్లబట్టల డాక్టర్లను, నర్సులను చూస్తే భయం, ఎందుకంటే అక్కడ శవానికి చుట్టేది తెల్లగుడ్డే. అయినవాళ్లను దూరంగా ఉంచే చోట జబ్బు మనిషిని ఒంటరిగా వదలలేరు. పైగా దేవుడు లేని చోట నయమెలా అవుతుంది? పేదలు వైద్యానికి రాకపోతే 'అవగాహన లేదు' అని రాసేసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ మాట రాసే ముందు ఎవరైనా వెళ్లి అడిగారా అన్నదే నా బాధ.

అడిగితే ఎంత బయటపడుతుందో వసా, అమిర్జా అనే రెండు ఊళ్లు చూపించాయి. అక్కడ 650 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే, 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బు ఉంది. అంతకుముందు ఎప్పుడైనా అలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో ఈ ఫలితాలు వచ్చేదాకా, పల్లెటూరి ఆడమనిషి అంటే కాన్పు, కుటుంబ నియంత్రణ అన్నట్టే సాగింది ప్రపంచ ప్రజారోగ్యం. ఆసుపత్రి రిజిస్టర్లు తిరగేస్తే ఈ జబ్బులు కనబడేవి కావు. ఆ రిజిస్టర్లలోకి ఎక్కేది గడప దాటినవాళ్ల పేర్లే కదా.

పసిబిడ్డల సంగతి ఇంకా ఘోరం. 1995-96లో 39 గ్రామాల్లో 763 మంది నవజాత శిశువులను ఇళ్లకే వెళ్లి గమనించారు. వైద్యం తప్పనిసరైన పరిస్థితి 54.4 శాతం బిడ్డలకు వచ్చింది. వైద్యం అందింది మాత్రం 2.6 శాతానికి. చనిపోయిన 40 మందిలో 38 మంది ప్రాణం పోయింది ఇంట్లోనే. పురిటి బిడ్డను బయటికి తీయరు. వానాకాలం వాగు పొంగితే తీద్దామన్నా దారి ఉండదు. బిడ్డ పాలు లాగడం తగ్గించి, ఏడుపు నీరసించి, ఒళ్లు వేలాడేస్తే, అది ఒళ్లంతా విషమెక్కుతున్న లక్షణమని తల్లికి చెప్పేవాళ్లే లేరు.

బిడ్డ రాలేకపోతే వైద్యమే ఇంటికి వెళ్లాలని తేల్చుకున్నారు. ఊళ్లో కాస్త చదువుకున్న ఆడవాళ్లను ఎంచి ఆరోగ్యదూతలుగా తీర్చిదిద్దారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు మాస్కుతో గాలి అందించడం, అవసరమైతే జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం, అన్నీ నేర్పారు. పల్లెటూరి మనిషి చేత పసిగుడ్డుకు సూది వేయించడమేమిటని వైద్యులు ఉలిక్కిపడటం సహజమే. జవాబు లెక్కల్లోనే ఉంది. పోలిక కోసం ఎంచుకున్న గ్రామాలతో చూస్తే, మూడో ఏడాదికి ఇక్కడ నవజాత శిశు మరణాల రేటు 62 శాతం తగ్గింది. 1999లో ఆ ఫలితాలూ లాన్సెట్‌లోనే వచ్చాయి.

వీటన్నిటిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఊపిరి లెక్కించే చిన్న పనిముట్టు. న్యుమోనియా వచ్చిన బిడ్డ వేగంగా ఊపిరి తీస్తుంది. పెద్ద అంకెలు లెక్కపెట్టడం రాని మంత్రసానులకు దాన్ని గుర్తుపట్టడం నేర్పాలి. అందుకని ఒక చట్రంలో పూసలు, దాని పక్కన నిమిషం కొలిచే ఇసుక గడియారం. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా ఎర్ర పూస దాకా వచ్చిందంటే న్యుమోనియా, మందు మొదలుపెట్టాలి. నేను పూసలు జరిపి చూస్తుంటే, నన్ను తిప్పి చూపిస్తున్న కార్యకర్త ఆపింది. "బిడ్డ ఏడుస్తుంటే లెక్కపెట్టొద్దు సార్, తప్పొస్తది. పండుకున్నంక పొట్ట మీద చూపు పెట్టాలె." వైద్య పుస్తకం చెప్పేదీ దాదాపు ఇదే.

ఇంటికి వెళ్లి చేసే ఈ వైద్యం గడ్చిరోలీతో ఆగలేదు. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇంటి వద్దే నవజాత శిశు సంరక్షణను దేశమంతటా ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డనైనా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికొచ్చి చూడాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ బాధ్యత ఆమెదే. మీ ఇంట్లో పురిటి బిడ్డ ఉండి ఆశా గుమ్మంలోకి వస్తే, దిష్టి తగులుతుందనో, మా డాక్టరు చూశాడనో తిప్పి పంపకండి. లోపలికి పిలిచి బిడ్డను చూపించండి. ఆమె రాకపోతే, ఎందుకు రాలేదని పీహెచ్‌సీకి వెళ్లి అడగండి.