రెండు లంగరు మోకులు

మోకును చుట్టి దాచుట కూడ నొక విద్యయేనా యని చదువరులు నవ్వవచ్చును. బాల్యమున మేమును నవ్వితిమి. ఆ నవ్వునకు మా తాతగారు చెల్లింపవలసి వచ్చిన మూల్యమును, దానివలన మేము నేర్చిన పాఠమును ఈ సంచికలో మనవి చేయుచున్నాము. మన పాఠశాలలో పడవలవారి బిడ్డలు పలువురు చదువుచున్నారు గనుక, ఇది వట్టి ముచ్చటగా పోక వారికి అక్కరకు రాగలదని మా నమ్మకము.

మా యూరు యానాము. గౌతమీ గోదావరి యొడ్డున, సముద్రమునకు దాపుననే యున్నందున అచ్చటి నీటికి ఆటుపోట్లు కలవు. సుమారు ఆరు గంటల సేపు నీరు ఎగువకు నెట్టుకొని వచ్చును. మరల అంతసేపు దిగువకు లాగుకొని పోవును. ఒక్క లంగరు మీద నిలిచిన పడవ, ప్రవాహము మారినప్పుడెల్ల పెద్ద చుట్టు తిరిగి పక్క పడవలను తాకును. అందుచే ఎగువ కొకటి, దిగువ కొకటి లంగరు వేసి, రెండు మోకులను పడవ ముందుభాగముననే కట్టుదురు. అప్పుడు పడవ కొద్దిపాటి చోటులోనే తిరుగును.

తాతగారికి ఒక తెరచాప పడవ యుండెడిది. కోనసీమ కొబ్బరికాయలను రేవులకు చేరవేయుట దాని పని. 1960వ దశకమున, వేసవి సెలవులలో మేమును దానిపై పోవుచుంటిమి. మోకులను సర్దుట మాకు అప్పగించిన పని.

ఒకనాటి సాయంకాలము పడవను ఒడ్డున గుంజకు కట్టగానే, తోటి బాలురు బిళ్ళంగోడు ఆడుచుండుట మా కంటబడెను. తడిసిన రెండు మోకులను ఒకే చోట కుప్పగా పడవైచి, పైన గోనెపట్ట కప్పి పరుగెత్తితిమి. “సర్దావా నాయనా?” అని తాతగారు కేకవేసి యడిగిరి. “సర్దాను తాతయ్యా” అంటిమి.

రెండు దినముల తరువాత, రాత్రివేళ పోటు కొరకు వేచియుండి నది నడుమ ఆగితిమి. కొంతసేపటి పనియే గదా యని ఒక్క లంగరే వేసిరి. నీటి లోతు మూడు బారలు. పైనున్న మోకు పది బారలు సులువుగానే వచ్చెను. మిగిలినది గోనెపట్ట క్రిందనే యుండెను.

అర్ధరాత్రి వాయవ్యమున మెరుపులు మెరసి గాలివాన విరుచుకొని పడెను. లంగరు బురదను దున్నుకొనుచు జారసాగెను. మా వెనుక రాతిగట్టు. తాతగారు రెండవ లంగరును నీట విడిచిరి. రెండు బారలు పోయి అది నేల నంటకయే వ్రేలాడుచు నిలిచెను. మొదటి మోకును ఇంకను వదలుదమన్న అదియు కదలలేదు. రెండు మోకులును ఒకదాని నొకటి పెనవేసుకొని పిడికిలివలె బిగిసియుండెను.

తాతగారు ఒక్క మాటయు పలుకలేదు. కొబ్బరికాయలు కొట్టు కత్తిని దీసి, చిక్కునకు ఇరువైపుల రెండవ మోకును తెగగొట్టిరి. లంగరు నీట మునిగిపోయెను. విడివడిన మొదటి మోకును ఇరువది బారల వరకు వదలిరి. పడవ ఒక్క కుదుపుతో నిలిచెను. లంగరు పట్టు దాని బరువులో మాత్రమే లేదు. మోకు దానిని నేలవాటముగా లాగుటలో నున్నది. అందులకే లోతునకు ఐదు మొదలు ఏడు రెట్ల మోకు వదలవలెనందురు. ఆ రాత్రి మమ్ము కాచినది ఆ పొడవే.

తెల్లవారిన పిదప నీరు తగ్గువేళ ఎంత వెదకినను లంగరు దొరకలేదు. మేము తలవంచుకొని, సర్దితిమన్నది అబద్ధమని చెప్పితిమి. తాతగారు కోపింపలేదు. “దింపేటప్పుడు చిక్కు పడదురా నాయనా, దాచేటప్పుడే పడుతుంది” అని, ఆనాడే రెండు వెదురు గంపలు కొని తెచ్చి మమ్ము దగ్గర కూర్చుండబెట్టుకొనిరి.

వారు నేర్పిన పద్ధతి యిది. ఒక్కొక్క మోకునకు ఒక్కొక్క గంప. ఒకటి కుడి ప్రక్క, ఒకటి ఎడమ ప్రక్క. మొదట మోకు కొనను పడవ కొయ్యకు గట్టిగా కట్టవలెను. పిదప నీటినుండి లాగిన వరుసలోనే గంపలో దింపవలెను. అప్పుడు లంగరు వైపు భాగము తనంతట పైకి వచ్చును. మరల విడుచునప్పుడు పైది ముందుగా పోవును. కుడి పురి మోకును ప్రదక్షిణముగా చుట్టవలెను. ఎడమ పురిదానిని అప్రదక్షిణముగా. తిరుగుడగా చుట్టిన మోకు మెలిపడి ముడియగును. పురి తెలియనిచో 8 అంకెవలె పరువవలెను; ఒక మలుపులోని మెలిని మరుమలుపు విప్పును. ఒక మోకు కొనకు ఎఱ్ఱగుడ్డ కట్టినచో చీకటిలో కాకపోయినను దీపపు వెలుగున గుర్తించవచ్చును. లంగరులు ఎత్తుటకు ముందు, నీటిలో రెండు మోకులును మెలివడినవేమో చూచి విప్పి, బిగువు లేనిదానిని ముందుగా ఎత్తవలెను. తడి మోకును ఎండనిచ్చి గాని మూతవేయరాదు.

నేడు గౌతమిపై ఎదుర్లంకకు వారధి కలదు. తెరచాప పడవలు అరుదైనవి. కొబ్బరిపీచు మోకుల చోట నైలాను మోకులు వచ్చినవి. అవి సాగి కుదుపును ఓర్చుకొనును. కాని చిక్కుపడుటలో వాటికిని పాతవాటికిని భేదము లేదు.

గౌతమి గర్భమున ఎచ్చటనో మా లంగరొకటి నేటికిని పడియున్నది. బావి చేదతాడును చుట్టునప్పుడు సహితము మా చేయి తనంతట ప్రదక్షిణముగనే తిరుగును. “సర్దావా నాయనా?” యన్న కేక వినబడినట్లగును. చుట్టిన తాడును మరియొకసారి చూచి గాని మేము లోనికి పోము.