అమ్మీ కుట్టిన కాజాలు

వయసు పైబడిన వారి నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: ‘ఆ రోజులే బాగుండేవి.’ మా అమ్మీ కూడా అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోలోపల కోపం వచ్చేది. ఎందుకంటే ఆ రోజులను నేనూ చూశాను.

1970లలో గుంటూరులో మాది ఒకే గది ఉన్న పెంకుటిల్లు. ఇంట్లో ఏడుగురం. అబ్బా దర్జీ పని చేసేవారు. రేషను దుకాణంలో కిరోసిన్ ఇచ్చే రోజున ఫజ్ర్ నమాజు కాగానే డబ్బా పట్టుకొని వరుసలో నిలబడటం నా వంతు. ఆ కిరోసిన్‌తో వెలిగే లాంతరు ముందు అమ్మీ అర్ధరాత్రి దాకా చొక్కాలకు కాజాలు కుట్టేవారు. రంజాన్ నెలలో పని రెట్టింపయ్యేది. సహరీకి లేపే ఫకీరు గొంతు వీధిలో వినిపించే వేళకు కూడా ఒక్కోసారి ఆమె చేతిలో సూది ఉండేది. అందరి పండుగ బట్టలూ పూర్తయ్యాక, చాంద్ రాత్ నాడు గాని మా బట్టలకు వంతు వచ్చేది కాదు. అన్నం చాలని రాత్రుల్లో ‘నేను ముందే తిన్నాను’ అనేవారు. అది నిజం కాదని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

చేదు అనుభవాల తాలూకు బాధ, మంచి అనుభవాల తాలూకు ఆనందం కన్నా త్వరగా మసకబారుతుందనీ, పదికీ ముప్పైకీ మధ్య వయసులో జరిగినవే వృద్ధాప్యంలో ఎక్కువగా గుర్తుకొస్తాయనీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. అమ్మీ విషయంలోనూ అంతేనని, ఆమె ఆ బాధను మరచిపోయారని సరిపెట్టుకున్నాను.

మొన్న ఒకనాడు ఉండబట్టలేక అడిగాను: “ఆకలి కూడా బాగుండేదా అమ్మీ?”

ఆమె కాసేపు మౌనంగా ఉన్నారు. “ఆకలి బాగుండేదని నేనెప్పుడన్నాను బేటా? ఆ రాత్రుల్లో నీళ్లు తాగి పడుకోవడం నాకు గుర్తే. కానీ అప్పుడు నేను సూది పట్టకపోతే ఇల్లు గడిచేది కాదు. ఇప్పుడు నేను లేచినా ఒకటే, లేవకపోయినా ఒకటే.”

నాకు మాట పెగల్లేదు. ఆమె దేనినీ మరచిపోలేదు. మరచిపోయింది మేము. వేళకు మందులిచ్చాం, భోజనం గదిలోకే పంపాం, వంటింట్లో అడుగుపెడితే ‘మీరు కూర్చోండి అమ్మీ’ అన్నాం. తల్లి సేవ చేస్తున్నామని తృప్తిపడ్డాం. ఆ సేవలో ఆమె చేతుల నుంచి పనినంతా తీసేసుకున్నామని గ్రహించలేదు. పెద్దలు తలచుకొని బాధపడేది పోయిన పేదరికం కోసం కాదు. ఆ పేదరికంలో ఇల్లంతటికీ తాము అవసరమైనందుకు.

మరునాడు గుండీ ఊడిన చొక్కా ఒకటి తీసుకెళ్లి ఆమె ఒడిలో పెట్టాను. అమ్మీ సూదిని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. దారం ఎక్కలేదు. నా మనవరాలిని పిలిచారు. ఆ పిల్ల దారం ఎక్కించి, కదలకుండా పక్కనే కూర్చుంది. సాయంత్రానికి పాత గుడ్డ ముక్క మీద వంకరటింకరగా ఒక కాజా కుట్టి తెచ్చి నాకు చూపించింది.

ఆ రాత్రి అమ్మీ భోజనం గదిలోకి పంపలేదు. దస్తర్‌ఖాన్ పరిచి ఆమె కోసం ఎదురుచూశాం.