ఏ ఆయిలు మంచిది?



కొత్తగా కారు కొన్న సంఘస్థులు నన్ను తరచు అడుగుతుంటారు: "అన్నయ్యా, ఇంజినుకు మామూలు ఆయిలు పోయించాలా, సింథటిక్ ఆయిలా?" నేను మెకానిక్‌ను కాను, వ్యవసాయదారుణ్ణి. అయినను ఈ విషయంలో ప్రభువు నాకు నేర్పిన పాఠము మీతో పంచుకోవాలని ఆశిస్తున్నాను.

2014లో మాకు పాత మారుతి 800 కారు ఉండేది. అప్పటికే అది 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఆదివారం అయ్యగారిని పక్క ఊరి ఆరాధనకు తీసుకువెళ్ళేది ఆ కారులోనే. రాత్రివేళ ఎవరికి జబ్బుచేసినా మా తలుపే తట్టేవారు. ఆ క్రిస్మసుకు వచ్చిన మా పెద్దబ్బాయి, "నాన్నా, ఈసారి సింథటిక్ పోయించు. పదివేల కిలోమీటర్ల దాకా బెంగ ఉండదు" అన్నాడు.

మా మెకానిక్ నెమ్మదిగా వివరించాడు. "మామూలు ఆయిలు ముడిచమురును శుద్ధిచేసి తీసేదండి. సింథటిక్ రసాయన పద్ధతిలో ఒకే తీరుగా తయారుచేసేది. ఎక్కువ వేడికి తొందరగా చెడదు, చలిలో కూడా తేలిగ్గా పారుతుంది. ఖరీదు రెండు మూడింతలు. టర్బో ఉన్న కొత్త ఇంజిన్లకు చాలావరకు అది కావాలి. మీ పాత బండికి పుస్తకంలో వ్రాసిన గ్రేడు మామూలు ఆయిలు చాలు. సీళ్ళు గట్టిపడ్డాయి, ఆయిలు తింటోంది. ఏది పోసినా వారానికోసారి డిప్ స్టిక్ తీసి చూసుకోండి."

నేను ఖరీదైనదే పోయించాను. చివరి మాట మాత్రం చెవిని పెట్టలేదు.

2015 మార్చిలో ఒక రాత్రి మా సంఘ సహోదరికి నొప్పులు వచ్చాయి. అంబులెన్సు రావటానికి ఇంకా సమయం పడుతుందని తెలిసి, ఆమెను, ఆమె అత్తగారిని కారులో ఎక్కించుకొని బయలుదేరాను. సగం దూరం వెళ్ళేసరికి ఎదురుగా ఆయిలు గుర్తున్న ఎర్రదీపం వెలిగింది. ఆసుపత్రి ఇంకా పదకొండు కిలోమీటర్లు. ఆ దీపం వెలిగిందంటే ఇంజినుకు ఆయిలు ప్రెషరు అందటం లేదని అర్థం. అలాగే నడిపితే బేరింగులు అరిగి ఇంజిను పట్టేస్తుంది. కారు ఆపి టార్చి వెలుగులో డిప్ స్టిక్ తీశాను. దాని కొనకు ఆయిలే అంటలేదు. డిక్కీలో ఇంకో డబ్బా కూడా లేదు.

లోపల ఆ బిడ్డ మూలుగుతున్నది. నేను రోడ్డుమీద నిలబడి కన్నీటితో ప్రార్థించాను. అరగంటకు ఒక పాలవ్యాను వచ్చింది. అందులో వారిని పంపాను. తెల్లవారకముందే మగబిడ్డ పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. దేవునికే స్తోత్రము!

కారు దగ్గర ఒంటరిగా కూర్చున్న నాకు ప్రభువు చెప్పిన పదిమంది కన్యకల ఉపమానము గుర్తుకొచ్చింది. బుద్ధిలేని ఐదుగురి చేతుల్లోనూ దివిటీలు ఉన్నాయి. లేనిది సిద్దెలలో నూనె. నేను ఏ ఆయిలు గొప్పదని ఆలోచించాను గాని, ఉన్నదా లేదా అని చూచుకోలేదు. ఉదయం మెకానిక్ వచ్చి ఆయిలు పోశాడు. "వెంటనే ఆపారు కాబట్టి ఇంజిను దక్కిందండి" అన్నాడు.

ఇప్పుడు అడిగినవారికి ఇలా చెబుతున్నాను. కారుతో ఇచ్చిన పుస్తకం సింథటిక్ పోయమంటే డబ్బుకు వెనుకాడవద్దు. మామూలు ఆయిలు చాలంటే చిన్నతనపడవద్దు. ఒకదాని నుండి మరొకదానికి మారితే ఇంజిను పాడవుతుందన్నది అపోహ. ఏదైనా గడువుకు మార్చండి, ఫిల్టరు కూడా మార్చండి. దుమ్ములో తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలి. చదునైన చోట, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు డిప్ స్టిక్ తుడిచి చూడండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి, పై గీత దాటకూడదు. డిక్కీలో ఒక లీటరు ఉంచుకోండి.

మన ఆత్మీయ జీవితమూ ఇంతే కాదా? ఏ కూటము గొప్పది, ఏ బోధకుడు గొప్పవాడని విచారిస్తాము. ఈ ఉదయం నా సిద్దెలో నూనె ఉన్నదా అని మాత్రం చూచుకోము.

ఆనాడు పుట్టిన బిడ్డ ఇప్పుడు సండేస్కూలులో కంఠత వాక్యాలు అప్పజెబుతున్నాడు. వాడిని చూచినప్పుడెల్లా నా తల వంగిపోతుంది, హృదయం స్తుతిస్తుంది. మరుసటి ఉదయం తప్పక డిప్ స్టిక్ తీసి చూస్తాను.