అద్దె యిల్లు, సొంత పేరు

మా తల్లిగారు ముప్పది సంవత్సరములు ఉపాధ్యాయినిగా పనిచేసి, తెలుగు వ్యాకరణ పాఠములను స్వహస్తముతో మూడు నోటుపుస్తకములలో వ్రాసియుంచిరి. వారు ప్రభువునందు నిద్రించిన పిమ్మట నా పుస్తకములు మా పెట్టెలో నుండెను. కాగితముల యంచులు విఱుగుచుండుట చూచి, ఆ పాఠముల నొక వెబ్‌సైటులో నుంచినయెడల బీదవిద్యార్థులకైన నుపయోగపడునని తలంచితిమి. దానికి వారి పేరే పెట్ట నిశ్చయించితిమి.

వెబ్‌సైటునకు నివాసము కావలయును. రేయింబవళ్లు మేల్కొనియుండు నొక సర్వరులో మన పుటలకు చోటు పుచ్చుకొనుటయే హోస్టింగు. టిమ్ బెర్నర్స్-లీ గారు సెర్న్ పరిశోధనాలయమున ప్రపంచమందలి మొదటి వెబ్ సర్వరును నడపినపుడు, ఆ యంత్రము నార్పవలదని యెఱ్ఱసిరాతో వ్రాసిన చీటిని దానికి అంటించియుండిరి. యంత్రము నిద్రించిన పుట కానరాదు గదా!

మేము వెదకగా నొక సంస్థ ప్రకటన మమ్ము నాకర్షించెను. నూరు గిగాబైట్ల చోటు. డొమైను పేరు ఉచితము. మొదటి సంవత్సరపు రుసుము స్వల్పము. సొమ్ము చెల్లింపబోవుచుండగా, సెలవులకు వచ్చిన మా పూర్వవిద్యార్థి యొకడు నవ్వి, "మాస్టరుగారూ, మాకు లెక్కలు నేర్పినవారు మీరే గదా! ముందు లెక్క వేయుడు" అనెను.

సిగ్గుపడి లెక్క వేసితిమి. నేడు వెబ్‌పుటలలో వాడుక యందున్న పద్ధతిలో 'క' యను నక్షరమునకు మూడు బైట్లు పట్టును. 'కి' యనిన గుడికి మఱి మూడు. మా పుటలు 300. పుటకు 1,000 గుర్తులనుకొన్నను మొత్తము 9,00,000 బైట్లు, అనగా ఒక మెగాబైటునకు లోపు. ఒక్క పీట వేసికొనుటకు పెండ్లిపందిరిని అద్దెకు దీసికొనబోయితిమి!

పిదప షరతులు చదివితిమి. రెండవ యేట రుసుము నాలుగు రెట్లు. భద్రతా సర్టిఫికెట్టునకు వేఱుగా సొమ్ము. అట్టిదానిని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సేవ 2015 నుండి ఉచితముగనే యిచ్చుచున్నది. అన్నిటికంటె ముఖ్యముగా, ఉచితమన్న డొమైను పేరు ఆ సంస్థ పేరనే నమోదగునట! వారిని విడిచిననాడు మా తల్లిగారి పేరు వారియొద్దనే నిలిచిపోవును. మా చేయి అక్కడ ఆగెను.

ఉచితమైనదెల్ల మోసమని మేము చెప్పము. కాని 2009 అక్టోబరులో యాహూవారు జియోసిటీస్ అను ఉచిత సేవను అమెరికాలో మూసివేసినపుడు, లక్షలకొలది సొంత పుటలు నిలువనీడ కోల్పోయెను. ప్రతి యుంచుకొనని వారి వ్రాతల గతి యేమి?

కావున మేము చేసినది యిది. పేరును వేఱుగా, మా పేరనే, సంవత్సరపు రుసుము చెల్లించి కొంటిమి. డేటాబేసు అక్కఱలేని సాదా పుటలు గనుక, వానిని గిట్‌హబ్ పేజెస్ అను ఉచిత సేవలో నుంచితిమి. ఒక ప్రతి మాయొద్దను, మఱియొకటి మా చెల్లెలియొద్దను కలవు. ఆ సేవ రేపు మూతపడినను, ప్రతిని గొని వేఱొక చోటికి పోవుదుము. పేరు మాదే గనుక చదువరులు త్రోవ తప్పరు.

విద్యార్థులారా, మీరును ఒకనాడు ఇట్టి యింటిని వెదకుదురు. ఇల్లు అద్దెదైన చింత లేదు. పేరును, ప్రతిని పరుల కప్పగింపకుడు. ఇసుక మీది యింటి కథ మీ రెఱిగినదే.

నోటుపుస్తకములు మాత్రము పెట్టెలోనే భద్రముగా నున్నవి. వెబ్‌సైటులో పాఠమున్నది, మా తల్లిగారు 'ఱ' వ్రాయు వంపు మాత్రము ఆ కాగితముపైననే యున్నది.